మొన్నటి గెలుపు ఇవాళ్టి మ్యాచ్‌కు వస్తుందా? ఐస్ హాకీ సిరీస్‌ల లెక్కతో మా కబడ్డీ జట్టుకు చేసిన పని

నల్గొండ జిల్లాలో ఒక కబడ్డీ జట్టుకు నేను లెక్కలు చూసి పెడతాను. నా ఉద్యోగం డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పడం. జట్టు కోచ్ హైస్కూల్ పీఈటీ. సాయంత్రాలు ఊళ్లో పోరగాళ్లను ఆడిస్తారు. ఒక ఎండాకాలం టోర్నమెంటులో ఆయన తీసుకోబోయిన ఒక నిర్ణయం గురించే ఈ కేస్.

లీగ్ మ్యాచ్‌లు వరుసగా గెలిచాం. అందులో రెండు ఏకపక్షం. చివరి లీగ్ మ్యాచ్ మిగిలి ఉండగానే సెమీఫైనల్ ఖాయమైంది. ఆ మ్యాచ్ గెలిచినా ఓడినా పట్టికలో మా స్థానం మారదు. మెయిన్ రెయిడర్ కుడి మడమకు వాపు వచ్చింది. నొప్పి లేదంటున్నాడు కానీ, బోనస్ లైన్ దాటడానికి కాలు చాపేటప్పుడు ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఈ మ్యాచ్‌కు అతన్ని కూర్చోబెట్టి, బెంచీ మీదున్న అబ్బాయిని ఆడిద్దామన్నాను.

"వద్దు సార్. మంచి ఊపు మీదున్నం. ఇప్పుడు టీమును గెలికితే ఖరాబైతది. ఒక్కటి ఓడినమంటే పోరగాళ్ల మొఖాలే మారిపోతయ్" అన్నారు కోచ్.

ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. ఆయన నాకన్నా వందల మ్యాచ్‌లు ఎక్కువ చూశారు. కానీ ఆ మాటకు ఒక ధర ఉంది. ఊపు నిజమైతే, వాపున్న కాలితో రెయిడర్‌ను ఆడించడంలో కొంత న్యాయం ఉంది. అది కేవలం నమ్మకమైతే, లాభం లేని మ్యాచ్ కోసం సెమీఫైనల్ రెయిడర్‌ను పణంగా పెడుతున్నట్టు.

అందుకే ఆ రాత్రి కోచ్‌తో కూర్చున్నాను. అప్పుడు నా దగ్గరున్న సరుకు కబడ్డీది కాదు, ఐస్ హాకీది.

ఐస్ హాకీ ఎందుకు

ఒక మ్యాచ్ ఫలితం తర్వాతి మ్యాచ్‌పై పనిచేస్తుందా లేదా చూడాలంటే, అవే రెండు జట్లు కొద్ది రోజుల తేడాలో మళ్లీ మళ్లీ తలపడాలి. ఆ రికార్డు ఏళ్ల తరబడి దొరకాలి. మా టోర్నమెంట్లలో ఈ రెండూ జరగవు. ఒక జట్టుతో ఒకసారి ఆడితే మళ్లీ ఎప్పుడో. స్కోరు షీట్లయితే బహుమతులు ఇచ్చిన రాత్రే మాయమవుతాయి.

అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్ 1917లో మొదలైంది. మంచు గచ్చు మీద స్కేట్లు కట్టుకుని, పక్ అనే గట్టి రబ్బరు బిళ్లతో ఆడతారు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు ఆరుగురు. సీజన్‌లో ఒక్కో జట్టు 80కి పైగా మ్యాచ్‌లు ఆడాక, 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. అక్కడ ప్రతి రౌండ్‌లో రెండు జట్లు ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడతాయి. ముందుగా నాలుగు గెలిచినవాళ్లది సిరీస్. అలా నాలుగు రౌండ్లు దాటితే స్టాన్లీ కప్. మొదటి రెండు మ్యాచ్‌లు ఒకరి ఊళ్లో, తర్వాతి రెండు ఎదుటివాళ్ల ఊళ్లో, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మారుతూ ఏడోది మళ్లీ మొదటివాళ్ల ఊళ్లో. మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య ఊపు అనేది ఎక్కడైనా కనబడాలంటే ఇక్కడే కనబడాలి.

ఈ లెక్క నా చేతికి రావడానికి కారణం మిర్యాలగూడ వైపు నుంచి వెళ్లి కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థి. 2024 జూన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్ సిరీస్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో మొదటి మూడు మ్యాచ్‌లు ఓడింది. తర్వాతి మూడూ గెలిచింది, 8–1, 5–3, 5–1 తేడాలతో. అబ్బాయి ఫోన్ చేసి "సార్, ఇగ ఏడోది మనదే. ఈ ఊపును ఎవరాపుతరు" అన్నాడు. వెళ్లిన కొత్తలో చలికి తిట్టుకున్న ఊరు అప్పటికి "మనది" అయిపోయింది, సంతోషమే. అయితే అప్పటికి 0–3 నుంచి 3–3కు వచ్చిన జట్ల చరిత్ర వెతికి చూస్తే నాకు అంత నమ్మకం కలగలేదు.

0–3 నుంచి 3–3

అలా వచ్చిన జట్లు ఎడ్మంటన్‌తో కలిపి 2024 వరకు పది. ఏడో మ్యాచ్ కూడా గెలిచినవి నాలుగు: 1942లో టొరంటో మేపుల్ లీఫ్స్, 1975లో న్యూయార్క్ ఐలాండర్స్, 2010లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్, 2014లో లాస్ ఏంజెలెస్ కింగ్స్. ఓడినవి ఆరు: 1939లో న్యూయార్క్ రేంజర్స్, 1945లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్, 1975లోనే తర్వాతి సిరీస్‌లో ఐలాండర్స్, 2011లో షికాగో బ్లాక్‌హాక్స్, అదే ఏడాది డెట్రాయిట్, 2024లో ఎడ్మంటన్. ఫ్లోరిడా ఏడో మ్యాచ్ 2–1తో గెలిచి కప్పు ఎత్తుకుంది.

వరుసగా మూడు గెలుపులతో, ఎదుటివాడు వణుకుతున్నాడని అందరూ అనుకునే స్థితిలో ఆడిన మ్యాచ్‌లివి. పదింట నాలుగే దక్కాయి. పది అనేది చిన్న సంఖ్య. దీనితో ఊపు అసలు లేదని తేల్చలేం. కానీ ఎంత పెద్ద ఊపు లేదో చెప్పవచ్చు. ఇలాంటి జట్టుకు ఏడో మ్యాచ్ గెలిచే అవకాశం నిజంగా 75 శాతం ఉండి ఉంటే, పదింటిలో నాలుగో అంతకన్నా తక్కువో గెలవడం నూటికి రెండుసార్లే జరగాలి. కోచ్ మనసులో ఉన్నది ఆ స్థాయి ఊపే.

ఇందులో కోచ్ పక్షాన చెప్పాల్సినది ఒకటుంది. ఆ పది ఏడో మ్యాచ్‌లలో ఎనిమిది ఎదుటి జట్టు ఊళ్లో జరిగాయి. టొరంటోకు 1942లో, డెట్రాయిట్‌కు 1945లో మాత్రమే సొంత మైదానం దొరికింది. కాబట్టి ఊపుకు ఎదురుగాలి కూడా ఉందని వాదించవచ్చు. నేను ఆ వాదనను కొట్టిపారేయను. అయితే సొంత ఊళ్లో ఆడినా డెట్రాయిట్ ఓడింది. బయటి ఊళ్లో ఆడినవాటిలో మూడు గెలిచాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 1975 ఐలాండర్స్. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ మీద 0–3 నుంచి లేచి సిరీస్ గెలిచిన జట్టు అది. అప్పటికి ఆ ఘనత చరిత్రలో రెండోదే. ఊపు అనేది ఒక మ్యాచ్ నుంచి మరో మ్యాచ్‌కు నడిచొచ్చేదైతే, తర్వాతి సిరీస్‌లో వాళ్లు దుమ్ము రేపాలి. కానీ ఫిలడెల్ఫియాతో ఆడిన మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడారు. తర్వాత మూడూ గెలిచారు. ఏడోది ఓడారు. ఈ వరుసలో ఊపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో కథ అల్లడం సులువే, ప్రతి మ్యాచ్ అయ్యాక అల్లవచ్చు. మ్యాచ్‌కు ముందు చెప్పమంటేనే కష్టం.

ఏం మారింది

గెలిచిన నాలుగు జట్ల దగ్గర ఇంకొంచెం ఆగాలి. మా కోచ్‌కు పనికొచ్చే సంగతి ఇక్కడుంది.

1942లో మూడు మ్యాచ్‌లు ఓడాక టొరంటో కోచ్ హ్యాప్ డే చూస్తూ కూర్చోలేదు. గోల్స్ కొట్టడంలో పేరున్న గోర్డీ డ్రిల్లన్‌ను పక్కన పెట్టి, డాన్ మెట్జ్ లాంటి కుర్రాళ్లను దింపాడు. అయిదో మ్యాచ్‌లో ఆ మెట్జ్ మూడు గోల్స్ కొట్టాడు, టొరంటో 9–3తో గెలిచింది. అవతల డెట్రాయిట్ కోచ్ జాక్ ఆడమ్స్ నాలుగో మ్యాచ్ చివర రిఫరీతో గొడవపడి సస్పెండ్ అయ్యాడు. 1975లో ఐలాండర్స్ మూడో ఓటమి తర్వాత గోల్‌కీపర్‌ను మార్చారు. బిల్లీ స్మిత్ స్థానంలో చికో రెష్ వచ్చాడు. ఏడో మ్యాచ్ 1–0తో గెలిచారు, అంటే రెష్ ఒక్క గోలూ ఇవ్వలేదు.

2010లో ఫిలడెల్ఫియాతో ఆడిన బాస్టన్ బ్రూయిన్స్ ముఖ్య ఆటగాడు డేవిడ్ క్రెయిచీ మూడో మ్యాచ్‌లో గాయపడి సిరీస్‌కు దూరమయ్యాడు. ఫిలడెల్ఫియాకు గాయం నుంచి కోలుకున్న సిమోన్ గాన్యే నాలుగో మ్యాచ్‌కు తిరిగొచ్చి ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కొట్టాడు. ఏడో మ్యాచ్‌లో ఆ జట్టు 0–3తో వెనకబడి 4–3తో గెలిచినప్పుడు చివరి గోల్ కూడా అతనిదే. 2014లో లాస్ ఏంజెలెస్‌తో ఆడిన సాన్ హోసే షార్క్స్ డిఫెన్స్‌లో కీలకమైన మార్క్ ఎడ్వార్డ్ వ్లాసిక్ అయిదో మ్యాచ్‌లో దెబ్బ తిని చివరి రెండూ ఆడలేకపోయాడు.

నాలుగు సందర్భాల్లోనూ పేపర్లు ఊపు గురించే రాసి ఉంటాయి. చూస్తే నాలుగింటిలోనూ మంచు మీద ఉన్న మనుషులు మారారు. ఒకరు వచ్చారు, ఒకరు పోయారు, గోల్‌కీపర్ మారాడు. నేను కోచ్ ముందు పెట్టిన ప్రశ్న ఇదే: అన్నా, నిన్నటి గెలుపును ఇవాళ్టికి మోసుకొచ్చేది ఏంది? దాన్ని వేలు పెట్టి చూపించగలిగితే నేను ఒప్పుకుంటా.

మనుషులు పెద్దగా మారని చోట ఎలా ఉంటుందో 2011 ఫైనల్ సిరీస్ చెబుతుంది. బాస్టన్ మూడో మ్యాచ్ 8–1తో, నాలుగోది 4–0తో గెలిచింది. రెండు మ్యాచ్‌లలో పన్నెండు గోల్స్ కొట్టినవాళ్లు, వ్యాంకూవర్ వెళ్లి అయిదో మ్యాచ్‌లో ఒక్కటీ కొట్టలేక 0–1తో ఓడారు. మొదటి ఆరు మ్యాచ్‌లూ ఎవరి ఊళ్లో వాళ్లే గెలిచారు. ఏడోది మాత్రం వ్యాంకూవర్‌లో బాస్టన్ గెలిచింది. సీజన్ ఊపైనా అంతే. 2018–19లో 62 మ్యాచ్‌లు గెలిచి రికార్డు సమం చేసిన టాంపా బే లైట్నింగ్, మొదటి రౌండ్‌లోనే కొలంబస్ చేతిలో 0–4తో వెళ్లిపోయింది. 2022–23లో 65 గెలుపులతో కొత్త రికార్డు పెట్టిన బాస్టన్, ఫ్లోరిడా మీద 3–1 ఆధిక్యంలో ఉండి కూడా మొదటి రౌండ్ దాటలేదు.

పెద్ద తేడాతో గెలిస్తే మర్నాటికి పనికొస్తుందా అన్న దాని మీద కెవిన్ నిఫిన్, విన్స్ మిహాలెక్ అనే పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. అమెరికా కాలేజీ హాకీలో వారాంతంలో అవే రెండు జట్లు రెండు మ్యాచ్‌లు ఆడే పద్ధతి ఉంది. జట్ల సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక, మొదటి మ్యాచ్ గెలుపు గానీ దాని తేడా గానీ రెండో మ్యాచ్‌కు ఒరగబెట్టింది ఏమీ కనబడలేదని వాళ్లు తేల్చారు.

హాకీలో స్కోరు తేడాను ఎందుకు నమ్మకూడదో చిన్న లెక్క చాలు. ఒక జట్టు మ్యాచ్‌లో సుమారు 30 షాట్లు కొడుతుంది. గోల్‌కీపర్ పదింట తొమ్మిది ఆపుతాడు. సగటున 3 గోల్స్. గోల్‌కీపర్ అదే, జట్టు అదే అయినా, ఆ సగటు చుట్టూ ఒకటిన్నరకు పైగా అటూ ఇటూ ఊగడం మామూలే. అంటే ఒక రోజు 1, ఇంకో రోజు 5 రావడానికి ఎవరి మనసూ మారక్కర్లేదు. 2024 ఫైనల్లో ఫ్లోరిడా గోల్‌కీపర్ సెర్గెయ్ బొబ్రోవ్‌స్కీ మొదటి మ్యాచ్‌లో 32 షాట్లూ ఆపాడు. నాలుగో మ్యాచ్‌లో అయిదు గోల్స్ ఇచ్చాక మధ్యలోనే బయటికి పిలిచారు. అతని పని అయిపోయిందన్నారు. ఏడో మ్యాచ్‌లో 24 షాట్లలో 23 ఆపాడు.

ఊపు లేకున్నా ఊపులా కనబడే లెక్క

కోచ్ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "గెలిచినోళ్లే మళ్ల గెలుస్తరు గద సార్. నేను చూస్తలేనా?" అన్నారు. చూస్తున్నారు, నిజమే. ఎందుకు అలా కనబడుతుందో కాగితం మీద వేసి చూపించాను.

రెండు జట్లున్నాయి. ఒకటి మెరుగైనది, ఏ రోజైనా 60 శాతం గెలుస్తుంది. రెండోది 40 శాతం. ఏది మెరుగైనదో మనకు తెలియదు. ఊపు అనేది సున్నా అనుకుందాం, ఏ మ్యాచ్‌కు ఆ మ్యాచే. మొదటి మ్యాచ్ గెలిచిన జట్టు రెండోది కూడా గెలిచే అవకాశం ఎంత? 50 కాదు, 52 శాతం. ఎందుకంటే గెలిచిన జట్టే మెరుగైనది అయ్యే అవకాశం ఎక్కువ. రెండు వరుసగా గెలిస్తే మూడోదానికి దాదాపు 54. మూడు గెలిస్తే నాలుగోదానికి 55 దాటుతుంది. గెలుపు గెలుపును కన్నట్టు కనబడుతుంది కానీ, లోపల జరిగేది ఒక్కటే: ఎవరు మెరుగో మనకు మెల్లగా తెలుస్తోంది.

0–3 లెక్కలోనూ ఇదే ఉంది. రెండు జట్లూ సమానమైతే 0–3 నుంచి నాలుగు వరుసగా గెలవడం పదహారింట ఒకసారి జరగాలి, అంటే 6 శాతం పైనే. నేషనల్ హాకీ లీగ్‌లో 200కు పైగా సిరీస్‌లు 3–0కు వచ్చాయి. తిరగబడినవి నాలుగే, 2 శాతం లోపు. దీన్ని చూపించి ఇదిగో ఊపు అనేవాళ్లున్నారు. కానీ మూడు మ్యాచ్‌లు ఓడిన జట్టు ఎక్కువసార్లు బలహీనమైన జట్టే. దాని రోజువారీ అవకాశం 40 శాతం అనుకుంటే, నాలుగు వరుసగా గెలవడం నూటికి రెండున్నర సార్లు. 37 అనుకుంటే 2 లోపే. ఊపు అనే మాటను పిలవకుండానే లెక్క సరిపోతుంది.

ఇలాంటి పని చేసేవాళ్ల కోసం ఒక హెచ్చరిక. కోచ్‌కు ఇది చెప్పలేదు, అవసరం లేదు. చిన్న టోర్నమెంట్ల రికార్డులో "గెలుపు తర్వాత గెలుపు" శాతాన్ని టోర్నమెంటుకు ఒకటి తీసి, వాటి సగటు కడితే లెక్క తప్పుతుంది. నాణేన్ని మూడుసార్లు ఎగరేస్తే ఎనిమిది వరుసలు వస్తాయి. వాటిలో బొమ్మ తర్వాత ఇంకో ఎగరవేత ఉండే వరుసలు ఆరు. ఒక్కో వరుసలో బొమ్మ తర్వాత బొమ్మ వచ్చిన భాగాన్ని తీసి సగటు చూస్తే సగం రాదు, పన్నెండింట అయిదు వస్తుంది. అన్ని వరుసలనూ ఒకే కుప్పలో పోసి లెక్కిస్తే, ఎనిమిది అవకాశాల్లో నాలుగు, సరిగ్గా సగం. బాస్కెట్‌బాల్‌లో చేయి వేడెక్కడం, అంటే వరుసగా బుట్టలో వేసినవాడికి తర్వాతిదీ పడే అవకాశం పెరగడం, అనేది లేదని 1985లో గిలొవిచ్, వాలోన్, ట్వర్‌స్కీ అనే పరిశోధకులు చెప్పినదాన్ని 2018లో మిల్లర్, సంహూర్హో అనే మరో ఇద్దరు తిరగదోడింది ఈ కిటుకు పట్టుకునే. అంటే ఊపు లేదని చెప్పే తొందరలో, ఉన్న ఊపును కూడా లెక్క మింగేయవచ్చు. అందుకే టోర్నమెంట్లన్నీ కలిపి లెక్కించాలి.

మ్యాచ్ లోపలి సంగతి వేరు

ఇంత చెప్పినా కోచ్ అనుభవం అబద్ధం కాదు. ఆయన ఊపును కళ్లారా చూసేది మ్యాచ్ లోపల. కబడ్డీలో దానికి రూల్సే దారి వేస్తాయి. ఎదుటి జట్టులో ఇద్దరు ఔటైతే, మిగిలినవాళ్లతో మన రెయిడర్‌ను పట్టడం కష్టం. మనం ఎదుటివాణ్ని ఔట్ చేసిన ప్రతిసారీ, బయటున్న మనవాడు ఒకడు లోపలికి వస్తాడు. వాళ్లు ఆలౌటైతే రెండు పాయింట్లు అదనం. గెలుస్తున్నవాడికి గెలవడం సులువయ్యే ఆట ఇది. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు సూపర్ టాకిల్‌కు ఒక పాయింటు అదనంగా ఇచ్చేది ఓడుతున్నవాడికి కాస్త ఆసరాగా. హాకీలోనూ ఒకడికి చిన్న పెనాల్టీ పడితే రెండు నిమిషాల దాకా, గోల్‌కీపర్లు కాక, అయిదుగురి మీద నలుగురే ఆడాలి. ఆ రెండు నిమిషాల ఊపు అందరికీ కనబడుతుంది.

అక్కడ ఊపును మోసే వస్తువు ఉంది: కోర్టులో ఉన్న మనుషుల సంఖ్య. మ్యాచ్ అయిపోయి విజిల్ పడగానే ఆ వస్తువు పోతుంది. మర్నాడు రెండు వైపులా ఏడుగురు, స్కోరు సున్నా–సున్నా. మర్నాటికి వచ్చేవి వేరే: వాపు, అలసట, నిద్ర, ఎవడి రెయిడ్‌ను ఎదుటివాళ్లు వీడియోలో చూసుకున్నారు అన్నది. వీటిలో చాలావరకు గెలిచినవాడికి నష్టం చేసేవే.

హాకీ లెక్కను కబడ్డీకి యథాతథంగా తెచ్చి అతికించలేం కూడా. హాకీలో మ్యాచ్‌కు అయిదారు గోల్స్, కబడ్డీలో రెండు జట్లవీ కలిపితే అరవై డెబ్బై పాయింట్లు. పాయింట్లు ఎక్కువైతే అదృష్టం పాత్ర తగ్గుతుంది, మెరుగైన జట్టు బయటపడుతుంది. అందువల్ల కబడ్డీలో వరుస గెలుపులు ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి, వాటిని ఊపు అనుకోవడం ఇంకా సులువు. పైగా హాకీ ప్లేఆఫ్స్‌లో మామూలుగా ఒక రోజు విడిచి ఒక రోజు ఆడతారు. మా ఊళ్లలో పొద్దున ఒకటి, రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఒకటి. అలసట లెక్క మాకే బరువు.

మేము పెట్టుకున్న కాగితం

వాదన ముగిసేసరికి కోచ్ ఒక మెట్టు దిగారు, నేనూ ఒకటి దిగాను. ఊపు ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య ఒక కాగితం నింపాలని అనుకున్నాం. పైన ఒకే ప్రశ్న: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? కింద మన ఏడుగురిలో మార్పు, వాళ్ల ఏడుగురిలో మార్పు, ఎవరికి ఏ నొప్పి, మధ్యలో ఎన్ని గంటల విశ్రాంతి, కోర్టు మట్టిదా మ్యాట్‌దా, ఎదుటి జట్టు ఎవరు. స్కోరు తేడా రాసే గడి కావాలనే పెట్టలేదు. అది ఉంటే కళ్లు అక్కడికే పోతాయి.

ఆ రాత్రి నింపిన కాగితంలో చివరి లీగ్ మ్యాచ్ ఎదురుగా రెండే రెండు విషయాలు తేలాయి. మెయిన్ రెయిడర్ కుడి మడమ వాపు. సెమీఫైనల్ అదే రోజు రాత్రి. మిగతాదంతా నిన్నటిలాగే ఉంది. "దీంట్ల ఊపు ఏడ రాయాలె సార్?" అని కోచ్ అడిగారు. ఎక్కడ రాయాలో చెప్పండి, రాద్దామన్నాను. కాసేపు చూసి, రెయిడర్ పేరు ఎదురుగా "రెస్ట్" అని రాశారు.

ఏమైంది

చివరి లీగ్ మ్యాచ్ ఓడాం. బెంచీ అబ్బాయి తడబడ్డాడు, మొదటి హాఫ్‌లోనే ఒక ఆలౌట్ పడింది. మైకులో కామెంటరీ చెప్పేవాళ్లకు పండగ. మా ఊరి నుంచి ట్రాలీలో వచ్చినవాళ్లు కోచ్‌ను చుట్టుముట్టారు. చందా ఇచ్చిన ఒక పెద్దాయన "గెలిచే గుర్రాన్ని కట్టేస్తరా?" అని అందరి ముందూ అడిగారు. కోచ్ నా వైపు చూడలేదు, అది ఆయన పెద్దమనసు. పిల్లల మొహాలు కాస్త వాడిన మాట నిజం. కోచ్ ముందే చెప్పారు.

సాయంత్రానికి మడమ వాపు తగ్గింది. ఐస్ పెట్టడం, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తి పడుకోబెట్టడం, అంతే. రాత్రి సెమీఫైనల్లో రెయిడర్ మొదటి రెయిడ్‌కే బోనస్ తెచ్చాడు. మ్యాచ్ గెలిచాం. ఫైనల్ కొద్ది పాయింట్ల తేడాతో ఓడాం. అవతలివాళ్ల కార్నర్ డిఫెండర్లు మాకన్నా బలంగా ఉన్నారు, అది మొదటి నుంచీ తెలిసిందే.

ఈ ఒక్క టోర్నమెంటును పట్టుకుని నా లెక్క నెగ్గిందని చెప్పను. ఒక ఓటమి, ఒక గెలుపు, ఇంకో ఓటమి. నాణెం ఎగరేసినా ఇలాగే రావచ్చు. రెయిడర్ సెమీఫైనల్ ఆడగలిగే కాలితో దిగాడు, కొలవగలిగింది అంతవరకే.

కోచ్ తన మాట వదల్లేదు. గెలుపు పిల్లలకు ధైర్యమిస్తుందని ఇప్పటికీ అంటారు, ధైర్యం ఎదురుగా మనిషి మీదికి దూకడానికి పనికొస్తుందనీ అంటారు. దాన్ని కాదనడానికి నా దగ్గర లెక్క లేదు. అయితే ఆ టోర్నమెంటు నుంచి వచ్చాక కాగితంలో ఆయనే ఒక గడి చేర్చారు: రాత్రి ఎవరు ఎన్ని గంటలు పడుకున్నారు. గెలిచిన రాత్రి పోరగాళ్లు ఫోన్లలో వీడియోలు పంపుకుంటూ రెండు గంటల దాకా మేల్కొంటారట, ఓడిన రాత్రి పదింటికే పడుకుంటారట. ఇప్పుడు ఆ గడిని గెలుపు ఓటములతో కలిపి చూస్తున్నాం. టోర్నమెంట్లన్నీ ఒకే కుప్పలో పోసి లెక్కించడానికి సరిపడా కాగితాలు ఇంకా పోగవలేదు.